చరిత్ర మాస్టారి అల్మారాలు ఫుట్‌పాత్ మీదకు వచ్చాక: ఒక పాత పుస్తకాల లాటుపై కేస్ స్టడీ

ఫుట్‌పాత్ మీద పాత పుస్తకానికి ధర కట్టేది ఆనాటి వార్త. పుస్తకం వయసు, రచయిత పేరు, అట్ట వెనక అచ్చయిన రేటు, ఇవన్నీ దాని తర్వాతే. మా వరసలో కూర్చునే తోటి వ్యాపారులు ఈ మాట ఒప్పుకోరు. పాతబడిన కొద్దీ విలువ పెరుగుతుందని కొందరు, ఫోన్లు వచ్చాక దేనికీ విలువ లేదని కొందరు వాదిస్తారు. వాళ్లతో నోరు నొప్పి పుట్టేలా వాదించే బదులు, 2025 మార్చిలో కొన్న ఒక లాటు (ఒకే ఇంటి నుంచి, మొత్తానికి ఒకే ధర కట్టి కొన్న పుస్తకాలు) ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా పోయిందో, ఏ వార్తకు ఏ పుస్తకం కదిలిందో నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. అది ఇది. కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లకు, ఇంట్లో అల్మారాలు ఖాళీ చేయాల్సిన స్థితిలో ఉన్నవాళ్లకు ఎక్కువగా పనికొస్తుంది.

నా చోటు ఏలూరు రోడ్డు మీద, లెనిన్ సెంటర్‌కు దగ్గరలో. కాగితాల్లో ఈ రోడ్డు పేరు కార్ల్ మార్క్స్ రోడ్డు. ఆ పేరు చెబితే విజయవాడలో పుట్టిన ఆటో డ్రైవరు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. తెలుగు ప్రచురణ సంస్థలు ఎన్నో ఈ రోడ్డు పక్కన, గవర్నర్‌పేట సందుల్లో పెరిగాయి. విశాలాంధ్ర ప్రచురణాలయం 1953లో ఈ ఊళ్లోనే మొదలైంది. కొత్త పుస్తకాల దుకాణాలు ఉన్నచోటే పాత పుస్తకాల బంకులు, మాలాంటి నేల దుకాణాలు పుట్టుకొచ్చాయి. కొత్తది దొరకనివాడు, కొనలేనివాడు పది అడుగులు నడిచి మా దగ్గరికి వస్తాడు.

ఉదయం టీ కొట్టు దగ్గర నాలుగు పత్రికలు తిరగేస్తాను. చూసేవాళ్లకు అది కాలక్షేపం. నాకు అది ఆ రోజు ఏ పుస్తకాలు ముందు వరసలో పెట్టాలో తేల్చుకునే పని. మొదటి పేజీలో రాజకీయం ఉంటుంది, దాంతో నాకు పెద్దగా పని లేదు. నోటిఫికేషన్లు, సిలబస్ మార్పులు, అవార్డులు, మరణ వార్తలు, కోర్టు తీర్పులు, ఏదైనా నవల సినిమాగా వస్తోందన్న చిన్న వార్త, ఇవి చూస్తాను. పదింటికి సరుకు మీద కప్పిన టార్పాలిన్ పట్టా తీసి సర్దుతాను. బోణీ బేరం మీద పట్టుపట్టను, పది రూపాయలు తగ్గినా ఇచ్చేస్తాను. మధ్యాహ్నం ఎండకు పుస్తకం కంటే మనిషి ముందు వాడిపోతాడు కాబట్టి ఆ వేళ బేరాలు నామమాత్రం. అసలు వ్యాపారమంతా సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా.

ఇల్లు, బేరం

ఇల్లు సత్యనారాయణపురంలో ఉంది. చరిత్ర లెక్చరరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన పోయి ఏడాది అయింది. ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి డెవలప్‌మెంటుకు ఇచ్చారు. అమ్మగారు హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. అక్కడి ఫ్లాటులో అయిదు అల్మారాల పుస్తకాలకు చోటెక్కడిది?

ఇలాంటి ఇంటికి వెళ్లినప్పుడు నేను పుస్తకాల పేర్లు చూడను. ముందు అల్మారా వెనక గోడ చూస్తాను. చెమ్మ మచ్చ ఉంటే ఆ వరస సగం పోయినట్టే. తరువాత అన్నిటికంటే కింది అరలో మూల పుస్తకం ఒకటి బయటికి లాగుతాను. చెదలు ఎప్పుడూ అక్కడే మొదలవుతాయి. మట్టి రాలితే ఆ అరకు ధర కట్టను. తరువాత నాలుగైదు పుస్తకాలు నడిమికి తెరిచి కుట్టు చూస్తాను. 1970, 80లలో అచ్చయిన తెలుగు నవలల కాగితం అంచులు గోధుమ రంగుకు తిరిగి, మడిస్తే విరుగుతుంది. కుట్టు గట్టిగా ఉంటే అలాంటిది కూడా ఇంకో ఇద్దరి చేతులు మారుతుంది. జిగురుతో అతికించినది అయితే పేజీలు చేతిలోకి వస్తాయి. ఇదంతా అయ్యాకే పేర్లు. పేర్లు ముందు చూస్తే ఆశ పుడుతుంది, ఆశ పుట్టినవాడు ఎక్కువ ధర పెడతాడు.

పుస్తకాలు దాదాపు 1,100. తూకం నా అంచనాలో 390 కిలోలు. ముందురోజే పాత పేపర్లు కొనే వ్యక్తి వచ్చి కిలో 14 రూపాయల చొప్పున అడిగి వెళ్లాడట. అంటే ఐదున్నర వేల లోపు. నేను 18,000 చెప్పాను.

కూతురుగారు ఫోనులో ఉన్నారు. "ఇందులో ఒక్క పుస్తకమే ఆన్‌లైన్లో ఆరు వందలు ఉందండీ. 1,100 పుస్తకాలకు పద్దెనిమిది వేలేమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఇలాంటి ప్రతి ఇంట్లోనూ వచ్చే అనుమానమే ఇది. ఆన్‌లైన్లో కనిపించేది ఎవరో అడుగుతున్న ధర. ఆ ధరకు ఎవరైనా కొన్నారా లేదా అన్నది అక్కడ కనపడదు. నేను ఆమెకు ఇంకో దారి చెప్పాను: "మీకు విలువైనవని తోచిన వంద పుస్తకాలు ఏరి పక్కన పెట్టుకోండమ్మా. వాటిని మీరే నిదానంగా అమ్ముకోండి. మిగిలిన వెయ్యికి ఎనిమిది వేలు ఇస్తాను." ఆమె కాసేపు మాట్లాడలేదు. వంద పుస్తకాలు ఏరడం, ఫొటోలు తీయడం, అడిగినవాళ్లకు జవాబు చెప్పడం, కట్ట కట్టి పంపడం, వచ్చిన పుస్తకం బాగాలేదంటే మళ్లీ డబ్బు వెనక్కి ఇవ్వడం, ఈ పనుల కూలీయే ఆ పదివేల తేడా. చివరికి 18,000కే ఒప్పందం కుదిరింది.

ఇళ్లవాళ్లకు నా సలహా కూడా ఇదే. మీ దగ్గర తీరిక ఉంటే ఏరుకోండి. లేకపోతే మొత్తం ఒకరికే ఇవ్వండి. మంచివి ఒకరికి, మిగిలినవి ఇంకొకరికి అంటే ఆ రెండోవాడు పాత కాగితం తూకానికి కొనే కాటా దుకాణం వాడే అవుతాడు.

అమ్మగారు లోపలి గదిలో ఒక ట్రంకుపెట్టె చూపించారు. వారపత్రికల్లో సీరియళ్లు వారం వారం చించి, వరసగా పేర్చి, నల్లదారంతో కుట్టించిన బైండ్లు. తెలుగిళ్లలో ఒక తరం ఆడవాళ్లు కట్టుకున్న సొంత గ్రంథాలయాలు ఇవి. పేజీ వెనక సబ్బు ప్రకటన, సగం నింపిన గళ్ల నుడికట్టు, ఎవరిదో వంటల శీర్షిక. ఒక బైండులో మధ్యన ఒక వారం సంచిక దొరకలేదట. పక్కింటివాళ్ల దగ్గర అరువు తెచ్చుకుని ఆ వారం భాగమంతా రూళ్ల కాగితాల మీద నీలం సిరాతో ఎత్తి రాసి, అదే వరసలో కుట్టించారు. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. కింద "తరువాయి వచ్చేవారం" అని కూడా రాశారు.

"ఇది నా దగ్గర ఉంచుకుంటాను నాయనా. మిగతావి అడిగేవాళ్లు ఉంటారా?" అన్నారు.

"ఉంటారమ్మా. ఆ పత్రికలే ఇప్పుడు లేవుగా" అన్నాను. ఉన్నారు కూడా, ఆ సంగతి కింద చెబుతాను.

ఇంకో సంగతి బేరం రోజే తేల్చుకోవాలి. పుస్తకాల్లో పదకొండింటి మీద ఒక శాఖా గ్రంథాలయం ముద్ర ఉంది. తొలగించినట్టు ముద్ర లేదు. మాస్టారు దొంగిలించారని అనుకోను. అరువు తెచ్చుకుని మరిచిపోయిన పుస్తకాలు ప్రతి చదువరి ఇంట్లోనూ ఉంటాయి. వాటిని లాటులో కలపలేదు. సంచిలో వేసి ఇచ్చి, గ్రంథాలయానికి చేర్చమని చెప్పాను. ఈ నియమం తప్పేవాళ్లు మా వరసలో ఉన్నారు, పేర్లు అనవసరం. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి మహాసభగా కూడింది ఈ బెజవాడలోనే. ఆ ఊరి ఫుట్‌పాత్ మీద గ్రంథాలయం ముద్ర చెరిపేసిన పుస్తకం అమ్మితే బోణీ కూడా ముట్టబుద్ధి కాదు.

ఏరివేత

సరుకు ట్రాలీ ఆటోలో మూడో అంతస్తు గదికి చేరింది. మూడో అంతస్తు ఎందుకంటే, 2024 సెప్టెంబరు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడిన ఆ రోజుల్లో, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైన ఆ రోజుల్లో, నేలమీద గోడౌను ఉన్న పుస్తకాల వాళ్లు ఏం పోగొట్టుకున్నారో చూశాను. తడిసిన పుస్తకాల గురించి నాకు తెలిసినదంతా అప్పుడు నేర్చుకున్నదే. తడిసినదాన్ని తెరవకూడదు, ఎండలో పెట్టకూడదు. నీడలో, ఫ్యాను కింద, కొద్దిగా విచ్చుకునేలా నిలబెట్టాలి. తేమ పోతున్న కొద్దీ పది, ఇరవై పేజీలకు ఒకచోట పాత న్యూస్‌పేపరు ముక్క పెట్టి మారుస్తుండాలి. మామూలు కాగితం ఉబ్బుతుంది కానీ బతుకుతుంది. నున్నని మెరుపు కాగితం ఒకసారి తడిసి ఆరితే పేజీలన్నీ ఒకే పలక అయిపోతాయి, దాన్ని ఎవరూ విడదీయలేరు. రంగుల బొమ్మల పుస్తకాలు అందుకే ఎప్పుడూ పై అరలో ఉంచుతాను.

లాటును కుప్పలుగా ఏరాను. వెంటనే గిరాకీ ఉన్నవి 180: తెలుగు అకాడమీ చరిత్ర పుస్తకాలు, వ్యాకరణాలు, నిఘంటువులు, బోధన పద్ధతుల పుస్తకాలు, పాఠశాల పాఠ్యపుస్తకాలు (మాస్టారు చివరి రోజుల్లో వీధి పిల్లలకు ఉచితంగా చెప్పేవారట). సేకరించేవాళ్లు అడిగేవి 90. నవలలు, వారపత్రికల బైండ్లు కలిపి 400. భక్తి పుస్తకాలు 120. మిగిలిన 310 పాత గైడ్లు, నివేదికలు, కరెంట్ అఫైర్స్ సంచికలు, చిన్న కొడుకు వదిలిపోయిన లా పుస్తకాలు, పన్నుల పుస్తకాలు.

కరెంట్ అఫైర్స్ మాసపత్రిక గురించి ఒక మాట. వార్త అంత త్వరగా కుళ్లే సరుకు ఇంకోటి లేదు. పరీక్ష అయిన మర్నాడు ఆ సంచిక తూకానికే. కానీ ఆ వార్తే ముప్ఫై ఏళ్లు ఆగితే చరిత్ర అవుతుంది. మాస్టారి దగ్గర ఉన్న 1980ల నాటి వారపత్రికల విడి సంచికలు ఒక్కోటి వందకు పోయాయి. మధ్యకాలం ఉంది చూశారూ, మూడేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా, ఆ పత్రికలకు ఎవరూ లేరు. 1978లో మొదలైన చతుర, విపుల 2021లో ఆగిపోయాయి. ఆగిపోయిన వార్త వచ్చిన వారంలో అడిగినవాళ్లు అడిగారు, తరువాత మరిచిపోయారు. ఇప్పుడు మళ్లీ మెల్లగా అడుగుతున్నారు.

లా పుస్తకాల విషయంలో వార్త చదివినవాడికీ చదవనివాడికీ తేడా తెలుస్తుంది. 2024 జూలై 1 నుంచి 1860 నాటి భారత శిక్షా స్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ వారమే మా వరసలో చాలామంది పాత ఐపీసీ పుస్తకాలన్నీ కాటాకు వేశారు. కానీ ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది. ఆ కేసులు కోర్టుల్లో ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. జూనియర్ లాయర్లు వచ్చి పాత ప్రతి అడుగుతూనే ఉన్నారు. లాటులోని ఐపీసీ, పాత సాక్ష్య చట్టం పుస్తకాలు తూకం కుప్పలోంచి తీసి విడిగా పెట్టాను. పరీక్షల గైడ్లు మాత్రం నిర్దాక్షిణ్యంగా పంపించాను, కొత్త సిలబస్‌తో పరీక్ష రాసేవాడికి పాత సెక్షన్ నంబరు నేర్పడం ద్రోహం.

వార్తలు, గిరాకీలు

2025 ఏప్రిల్ 20న ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు. పరీక్షలు జూన్ 6న మొదలు. మధ్యలో నెలన్నర. లాటు కొన్నప్పుడు నా లెక్కంతా ఈ నోటిఫికేషన్ మీదే. వస్తుంది వస్తుందని అంతకుముందు నుంచీ పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. ఆ 180 పుస్తకాల్లో మూడొంతులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ మొదటి వారంలోపు పోయాయి.

ఉయ్యూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి సాంఘిక శాస్త్రం పాఠ్యపుస్తకాలు ఏరుకుంటోంది. "అమ్మా, ఇవి ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగానే ఉంటాయి, ఫోనులో దించుకోవచ్చు" అన్నాను. "దించుకున్నాను బాబాయిగారూ. ఫోను తెరిస్తే అది పుస్తకం దాకా వెళ్లనివ్వడం లేదు" అంది. ఆమె చేతిలో ఉన్నవాటిలో రెండు పాత సిలబస్‌వి. వాటిని తీసి పక్కన పెట్టి, ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న కొత్త ద్విభాషా పుస్తకాలు రెండు వెతికి ఇచ్చాను. అమ్మకం తగ్గలేదు. ఆ అమ్మాయి స్నేహితులను వెంటబెట్టుకు వచ్చింది. ఫుట్‌పాత్ వాడికి ఇంతకంటే ప్రకటన లేదు.

ఫోను మా వ్యాపారం తినేసిందని అందరూ అంటారు. నా అనుభవంలో మా అసలు పోటీదారు జిరాక్సు కొట్టు. కోచింగ్ నోట్సు, ఎవరో స్కాన్ చేసిన పుస్తకం టెలిగ్రాంలో వస్తుంది, జిరాక్సు కొట్టులో స్పైరల్ బైండుగా బయటపడుతుంది. అంటే జనానికి ఇంకా కాగితమే కావాలి. రచయితకూ ప్రచురణకర్తకూ పైసా ముట్టని కాగితం. అదే బాపతు దొంగ అచ్చు ఇంగ్లీషు పుస్తకాలు: ధనవంతులు ఎలా అవ్వాలి, అలవాట్లు ఎలా మార్చుకోవాలి. మా వరసలో రోజుకు ఎక్కువ అమ్ముడుపోయేవి అవే. నేను పెట్టను. పెట్టకపోవడం వల్ల నష్టపోతున్నానని నాకు తెలుసు. మనసు మార్చుకునే ఉద్దేశం లేదు.

జూన్‌లో ఇంకో వార్త పనిచేసింది, ఈసారి తలకిందులుగా. 2025-26 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. పాత ఇంటర్ సైన్స్ పుస్తకాలు వారంలో చిత్తు కాగితం అయ్యాయి. ఈ లాటులో అవి కొద్దిగానే ఉన్నాయి కాబట్టి తప్పించుకున్నాను. ఇంటర్ చరిత్ర పుస్తకాలకు మాత్రం దెబ్బ తగల్లేదు. గ్రూప్స్ రాసేవాళ్లు వాటిని సిలబస్ కోసం కొనరు, తెలుగులో సూటిగా రాసిన చరిత్ర వేరే చోట దొరక్క కొంటారు.

మే 2న అమరావతి పనులు ప్రధాని చేతుల మీదుగా మళ్లీ మొదలయ్యాయి. ఆ సాయంత్రం నుంచి వారం రోజులపాటు అమరావతి, ధాన్యకటకం, శాతవాహనుల గురించి అడిగినవాళ్లు ఎంతమందో. మాస్టారి అల్మారాలో ఆ వరస గట్టిది. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూసిన నాటి నుంచి ఆ శిల్పాలు చెన్నైకి, లండన్‌కు ఎలా చేరాయో చెప్పే పుస్తకాలు నాలుగు ఉన్నాయి. పెన్సిలుతో అంచుల్లో మాస్టారి గుర్తులు. వాటిని కొన్నవారిలో ఒకరు స్థలాల వ్యాపారం చేసే ఆయన. "మా వెంచరు బ్రోచరులో రెండు వాక్యాలు వేయాలండీ" అన్నారు. రెండు వేల ఏళ్ల చరిత్ర చివరికి ప్లాట్ల బ్రోచరులోకి చేరిందని నవ్వుకున్నాను గానీ, ఆయనే పది రోజుల తరువాత వచ్చి ఇంకోటి పట్టుకెళ్లారు, ఈసారి తాను చదవడానికి.

అవార్డులది ఇంకో తీరు. అదే మే నెలలో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్‌కు అంతర్జాతీయ బుకర్ వచ్చింది. అడిగినవాళ్లు చాలామంది. తెలుగులో ఏముందని అడిగితే నా దగ్గర లేదు. కానీ ఆ ఊపులో ముస్లిం స్త్రీల కథలు ఏవైనా ఉన్నాయా అని అడిగినవాళ్లకు లాటులోంచి మూడు సంకలనాలు ఇచ్చాను. అవార్డు గిరాకీ పక్షం రోజులు ఉంటుంది, రచయిత మరణించిన వార్త గిరాకీ మూడు రోజులు. మనవాళ్లు రచయిత బతికుండగా అడగరు, పోయాక మూడు రోజులకు మించి గుర్తుంచుకోరు. ఇది ఫిర్యాదు కిందే జమ వేసుకోండి.

సేకరణ కుప్పలోని 90 పుస్తకాల్లో ఎక్కువ భాగం మాస్కో అచ్చు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు అనువాదాలు, గట్టి అట్ట, దళసరి కాగితం, రంగుల బొమ్మలు. సోవియట్ యూనియన్ పోయాక ఆ అచ్చు ఆగింది. చిన్నప్పుడు రెండు మూడు రూపాయలకు కొన్నవాళ్లు ఇప్పుడు రెండు వందలకు వెనక్కి కొనుక్కుంటున్నారు. వీళ్లు విజయవాడలో తక్కువ. అనంతపురం, శ్రీకాకుళం, బెంగళూరు నుంచి ఫోను చేస్తారు. ఇక్కడ తపాలా శాఖ వార్త నన్ను కొట్టింది. రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరు 18న ఆగిపోయింది. ముందస్తు కబురు లేదు. తక్కువ ఖర్చుతో దేశంలో ఏ మూలకైనా పుస్తకం పంపే దారి అది ఒక్కటే. లాటు కొన్న మార్చిలో పుస్తకం 150, కొరియరు 110 అంటే అవతలివాళ్లు "చూద్దాంలెండి" అనేవారు. 2025 మే 1 నుంచి జ్ఞాన పోస్టు వచ్చింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. నేల మార్గాన వెళ్తుంది కాబట్టి ఆలస్యం. అందులో ఒక మెలిక ఉంది: పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి. మొదటి పేజీ చిరిగిపోయిన పాత పుస్తకానికి ఆ ఆధారం ఎక్కడిది? అలాంటివి కోరినవాళ్లను వచ్చి తీసుకెళ్లమన్నాను.

సీరియల్ బైండ్లు కొన్నవాళ్లు రెండు రకాలు. ఒకరు, ఆ సీరియల్ పుస్తకంగా వచ్చినా సరే వారపత్రికలో వేసిన బొమ్మలతో కావాలనేవాళ్లు. వీళ్లు బేరమాడరు. రెండోవాళ్లు గుణదల వైపు కొత్తగా కాఫీ హోటలు పెట్టిన కుర్రాళ్లు. గోడకు పాతకాలం కళ రావాలట, అడుగుల లెక్కన పుస్తకాలు కావాలన్నారు. లోపల ఏముందన్నది వాళ్లకు అవసరం లేదు. బైండ్లు ఇవ్వలేదు. పంపించేయాల్సిన పాత నివేదికల్లో గట్టి అట్టలవి చూపించాను, సంతోషంగా తీసుకెళ్లారు. కాటా ధర కంటే బాగానే గిట్టింది. ఆ నివేదికలు ఇప్పుడు రోజూ వందమంది కళ్ల ముందు ఉంటున్నాయి. అచ్చయిన నాటి నుంచి వాటికి ఇంత ఆదరణ దొరికి ఉండదు.

దసరాలో భక్తి పుస్తకాలు కదులుతాయని ఈ ఊళ్లో ఎవరికైనా తెలుసు. 2025లో సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 దాకా ఉత్సవాలు. మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీ అలంకారంలో ఉంటుంది, కొండకు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు కిందికి దిగి పుస్తకం ఏదో ఒకటి కొనే వెళ్తారు. సహస్రనామాలు, స్తోత్రాలు పది, పదిహేను రూపాయల పుస్తకాలు. వాటిలో లాభం లేదు. కానీ చేతిలో చిల్లర తిరుగుతుంది. సెప్టెంబరు 22నే జీఎస్టీ మారింది. అచ్చు కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. పుస్తకం మీద పన్ను లేదు, దాన్ని అచ్చువేసే కాగితం మీద ఉంది. కొత్త పుస్తకం ధర పెరిగితే మా దగ్గరికి వస్తారని తోటివాళ్లు సంబరపడ్డారు. నేను పడలేదు. ఈ రోజు కొత్త పుస్తకం తక్కువగా అచ్చయితే పదేళ్ల తరువాత మాకు పాత పుస్తకం ఎక్కడి నుంచి వస్తుంది?

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. వాన ముందే తెలిసింది కాబట్టి పుస్తకాలు పైకెక్కించాను. మా వరసకు వానకంటే పెద్ద గండం ఇంకోటి ఉంది. పెద్దవాళ్లెవరైనా ఈ రోడ్డున వెళ్తున్నారంటే ముందురోజు మమ్మల్ని లేపేస్తారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. జప్తు చేసిన సరుకులో పాడైపోనిదాన్ని అడిగిన రెండు పనిదినాల్లో, పాడైపోయేదాన్ని ఆ రోజే తిరిగివ్వాలి. చట్టం లెక్కన పుస్తకం పాడైపోని సరుకు. లారీలో పైన కప్పు లేకుండా వేసినప్పుడు వానకు ఆ సంగతి తెలియదు. చట్టం ప్రతి ఒకటి జిరాక్సు తీసి పట్టా కింద ఉంచుకుంటాను. ఒకసారి చూపిస్తే గంట గడువు దొరికింది. ఆ గంటలో ఏం కావాలో అది సర్దుకోవచ్చు.

లెక్క

2025 డిసెంబరుకు వచ్చేసరికి: గిరాకీ పుస్తకాలు 180 మొత్తం పోయాయి, సగటున 70 చొప్పున 12,600. సేకరణవి 60 పోయాయి, 13,200. నవలలు, బైండ్లు 230 పోయాయి, 6,900. భక్తి పుస్తకాలు 70, వాటికి 2,800. చివరి కుప్పలో తూకానికి వెళ్లినవి, కాఫీ హోటలుకు వెళ్లినవి, లాయర్లకు వెళ్లినవి కలిపి 3,400. వచ్చినది 38,900. పోయినది: లాటు 18,000, ట్రాలీ ఆటో, కూలీ 1,800, జిగురు, అట్టలు, బైండింగు 1,500, గది అద్దెలో ఈ లాటు వాటా తొమ్మిది నెలలకు 11,250. మొత్తం 32,550. చేతిలో మిగిలినది 6,350. నా కూలీ ఇందులో వేయలేదు. వేస్తే ఇది నష్టం కిందికి వస్తుంది.

ఈ అంకె చూసి మా అబ్బాయి నవ్వాడు. కానీ గదిలో ఇంకా 250 దాకా పుస్తకాలు ఉన్నాయి: సేకరణవి 30, నవలలు 170, భక్తివి 50. అద్దె ఒక్కటే వాటి మీద ఖర్చు. ఈ పనిలో లాభం ఎప్పుడూ చివరి పావు వంతులో ఉంటుంది, అద్దె దాన్ని తినేయకుండా ఉంటేనే. అందుకే కాటాకు పంపాల్సినదాన్ని మొదటి వారంలోనే పంపాలి. ఆశపడి ఆరు నెలలు దాచిన పాత గైడు తన తూకం ధర కంటే ఎక్కువ అద్దె కడుతుంది.

జనవరిలో పుస్తక మహోత్సవం ఉంటుంది. ఆ రోజుల్లో ఊరంతా పుస్తకాల మాటే. రీళ్లు తీసుకునే పిల్లలు, నడక ఊరేగింపు, ఉపన్యాసాలు. అందరూ లోపలికి వెళ్లాక మాకేం మిగులుతుందని అడుగుతారు. లోపల పది శాతం తగ్గింపుకు కొన్నవాడు బయటికి వచ్చి, ఆ రచయితదే పాతది ఏమైనా ఉందా అని మమ్మల్ని అడుగుతాడు. నవలల్లో యాభై అయినా ఆ పది రోజుల్లో పోతాయి. మాస్కో పుస్తకాలు ముప్ఫై మాత్రం బయట పెట్టను, ఫోను చేసేవాళ్లకే.

చిన్న కొడుకు పన్నుల పుస్తకాలు ఇంకా ఒక మూల ఉన్నాయి. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. ఐపీసీ లాగానే పాత సంవత్సరాల లెక్కలు, వివాదాలు పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి మూల చట్టం ప్రతులు రెండు ఉంచుతాను. మిగిలిన గైడ్లు మార్చి లోపు కాటాకు. ఈలోగా ఎవరైనా సీఏ చదివే పిల్లలు పాత లెక్కలు సాధన చేయడానికి అడిగితే ఇరవై రూపాయలకు ఒకటి.